రాత్రి ఆటల పిల్లలు – ఉదయం పాల క్యాను
(సంఘ కార్యదర్శులు, పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో మేము మామూలుగా గేదెల మేత గురించి, పొదుగువాపు గురించి, దూడల పెంపకం గురించి మాట్లాడుతుంటాము. ఈసారి పిల్లల మేత గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. ఫోనుల్లోను, కంప్యూటర్లలోను పోటీ ఆటలు ఆడే కుర్రవాళ్ళు ఏమి తింటున్నారు, ఏమి తాగుతున్నారు, ఏ పౌడర్లు వాడుతున్నారు అన్నది నేటి విషయము. దీనికీ పాల సంఘానికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. ఆ సంబంధం మాకు ఒక పాలకేంద్రం దగ్గరే తెలిసింది. ముందు అది చెబుతాము.

కొన్నాళ్ళ కిందట ఒక గ్రామంలో ఉదయపు పాల సేకరణ చూడడానికి వెళ్ళాము. ఆరు గంటలవేళ ఇంటర్ చదివే కుర్రవాడొకడు క్యాను తెచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిలబడి నిద్రపోతున్నట్లున్నాడు.

"ఏరా అబ్బాయ్, రాత్రి పడుకోలేదా?" అని కార్యదర్శిగారు అడిగారు.

"టోర్నమెంటుకు ప్రాక్టీసు బాబాయ్. పడుకునేసరికి మూడయింది" అన్నాడు.

ఇంతలో వాళ్ళ నాన్న వచ్చాడు. "అయ్యా, మీరు చదువుకున్నవారు. వీడికి ఏదో పౌడరు డబ్బా కావాలట. రెండున్నర వేలట. అది తాగితే గాని ఆటలో బుర్ర పనిచేయదంటున్నాడు. ఏమిటో కాస్త చూసి చెప్పండి" అన్నాడు. కుర్రవాడు ఫోనులో డబ్బా బొమ్మ చూపించాడు. దానిమీద మొదటి పదార్థం వే ప్రోటీన్ అని ఉన్నది. పాలు విరిచినప్పుడు వచ్చే తేట నీటినుంచి తీసిన మాంసకృత్తులు అవి. ఆ మాటే చెప్పాము.

ఆ రైతు తన క్యాను వంక చూసి, "అయితే పాలనుంచి తీసినదాన్నే మళ్ళీ మాకు డబ్బాలో అమ్ముతున్నారన్నమాట" అన్నాడు.

"మీ ఇంట్లో పిల్లలకు ఎన్ని పాలు ఉంచుతారు?" అని అడిగాము. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. "టీలోకి ఒక పావు ఉంచుతాము సార్. మిగతావన్నీ ఇక్కడికే" అన్నాడు.

సోదరులారా, ఆ పావు లీటరు మాటే మమ్మల్ని ఈ ప్రసంగానికి పురికొల్పింది.

ఈ ఆటలు ఎంతవరకు వచ్చాయి

పెద్దవారికి ఇవి పనిలేని ఆటలుగా కనిపించవచ్చు. అయితే ప్రపంచం వీటిని పోటీ క్రీడగా లెక్కిస్తున్నది. వీటిని ఈ-స్పోర్ట్స్ అంటారు. చైనాలోని హాంగ్‌ఝౌలో 2023లో జరిగిన ఆసియా క్రీడలలో వీటికి పతకాలు ఇచ్చారు. ఒక ఆటలో బంగారు పతకం గెలిచిన దక్షిణ కొరియా కుర్రవాళ్ళకు అక్కడి నిర్బంధ సైనిక సేవనుంచి మినహాయింపు దొరికింది. మన దేశంలో 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం వీటిని యువజన, క్రీడల మంత్రిత్వ శాఖ పరిధిలోకి తెచ్చింది. డబ్బు పందెం పెట్టి ఆడే ఆటల సంగతి వేరు. వాటిని 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను విడిగా గుర్తించింది. ఈ రెంటిని కలిపి చూడవద్దని మనవి.

కనుక "ఆట మానరా" అని ఒక్క మాటతో తీసిపారేస్తే కుర్రవాడు వినడు. "ఆడేవాడు ఎలా తినాలి, ఎంత నిద్రపోవాలి" అంటే వింటాడు. మేము ఆ దారిలోనే మాట్లాడతాము.

పేరుపొందిన ఆటగాళ్ళు ఎలా బతుకుతున్నారు

ఈ ఆటలకు పుట్టిల్లు వంటిది దక్షిణ కొరియా. అక్కడ పెద్ద జట్ల ఆటగాళ్ళు ఒకే ఇంట్లో కలిసి ఉండి సాధన చేయడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఆ ఇళ్ళలో వంటమనిషి ఉంటుంది. వేళకు అన్నం, పులుసు, కూరలు, ఊరబెట్టిన కూరగాయలు వండిపెడుతుంది. అంత డబ్బు ఆర్జించే జట్లు వంటమనిషికి జీతమిచ్చి ఇంటి తిండి పెట్టించుకుంటున్నాయి. మన పిల్లలు ఫోనులో ఆ ఆటగాళ్ళ చొక్కామీద ఎనర్జీ డ్రింకు కంపెనీ పేరు చూస్తారు. వాళ్ళ వంటిల్లు చూడరు. చొక్కామీది పేరు డబ్బు తీసుకుని వేసుకున్న ప్రకటన.

ఇంకొక సంగతి. ఆ ఆటగాళ్ళు రాత్రి ఒంటిగంట, రెండు దాకా ఆడతారు. అయితే మర్నాడు పది, పదకొండింటికి గాని లేవరు. అదే వాళ్ళ ఉద్యోగం. మన కుర్రవాడు మూడింటికి పడుకుని అయిదింటికి లేచి గేదె దగ్గర ఉండాలి. తొమ్మిదింటికి కాలేజీ బస్సు ఎక్కాలి. వాళ్ళ రాత్రిని మనవాడు నేర్చుకున్నాడు గాని, వాళ్ళ పగటి నిద్ర మనవాడికి ఎక్కడ దొరుకుతుంది? ఆ లోటును సీసాతోను, డబ్బాతోను పూడ్చాలని చూస్తున్నాడు. అసలు చిక్కు ఇక్కడున్నది.

అమెరికా, కెనడాలలోని తొమ్మిది విశ్వవిద్యాలయాలలో ఈ ఆటలు ఆడే 65 మంది విద్యార్థులను ప్రశ్నించి 2019లో ఒక నివేదిక ప్రచురించారు. వారు రోజుకు మూడునుంచి పది గంటలు సాధన చేస్తున్నారు. సగంకంటె ఎక్కువమందికి కళ్ళు అలసిపోతున్నాయి. నూటికి 42 మందికి మెడనొప్పి, నడుమునొప్పి. నూటికి 36 మందికి మణికట్టు నొప్పి. నూటికి 40 మంది ఏ వ్యాయామమూ చేయడం లేదు. ఇంత బాధలోను వైద్యుని దగ్గరకు వెళ్ళినవారు నూటికి ఇద్దరే.

రెండో వైపు కూడా చెప్పాలి. జర్మనీలో వెయ్యిమందికి పైగా ఆటగాళ్ళను అడిగి 2020లో ప్రచురించిన పరిశీలనలో చాలామంది తమ ఆరోగ్యం బాగానే ఉన్నదన్నారు. వారిలో ఎక్కువమంది వ్యాయామం కూడా చేస్తున్నారు. కాబట్టి ఆట ఆడినవాడల్లా చెడిపోతాడని మేము అనడం లేదు. ఆటతోపాటు మిగతా బతుకు ఎలా ఉన్నది అన్నదే ముఖ్యము.

చేపుడు ఇంజెక్షనూ, ఎనర్జీ సీసా

ఇప్పుడు సీసా సంగతి. పల్లెల్లో కూడా చిల్లర కొట్లో చౌకగా దొరుకుతున్నది. దానిని శక్తినిచ్చే పానీయమంటున్నారు. దానిలో పనిచేసే ముఖ్య పదార్థం కెఫీన్. కాఫీ, టీలలో ఉండేదే.

ఇది మీకు తెలిసిన మాటలో చెబుతాము. పాలు చేపడానికి కొందరు గేదెకు ఇంజెక్షన్ వేస్తారు. అది తప్పని మేము ఎన్నోసార్లు చెప్పాము. ఆ ఇంజెక్షన్ కొత్తగా పాలు తయారుచేస్తుందా? చేయదు. పొదుగులో ఉన్నవాటినే దింపుతుంది. కెఫీన్ కూడా అంతే. శక్తిని తయారుచేయదు. మనిషి మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో అలసటను తెలిపే ఒక పదార్థం పేరుకుంటుంది. ఆ కబురు అందకుండా కెఫీన్ అడ్డం పడుతుంది. అలసట పోదు, తెలియకుండా ఉంటుంది. కెఫీన్ బలం తగ్గగానే ఆ అలసటంతా ఒక్కసారి మీదపడుతుంది. అప్పుడు రెండో సీసా కావాలనిపిస్తుంది.

మన దేశపు ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం ఇటువంటి పానీయంలో లీటరుకు 300 మిల్లీగ్రాములకు మించి కెఫీన్ ఉండరాదు. ఆ లెక్కన 250 మిల్లీలీటర్ల చిన్న సీసాలో 75 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన ప్రకారం పిల్లలకు రోజు మొత్తంమీద శరీర బరువు కిలోకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. 25 కిలోల బరువున్న పిల్లవాడికి ఇది 75 మిల్లీగ్రాములు. అనగా ఒక్క చిన్న సీసాతోనే ఆ రోజు హద్దు అయిపోతుంది. ఆపైన ఇంట్లో తాగే టీ ఉండనే ఉన్నది. ఒక కప్పు టీలో 30నుంచి 65 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉంటుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది.

ఈ సీసాలమీద పిల్లలకు, గర్భవతులకు, పాలిచ్చే తల్లులకు ఇవి తగవని రాసి ఉండాలి. అది నియమము. అయితే అక్షరాలు చీమతలకాయలంత ఉంటాయి. కొట్టువాడు చదవడు, కొన్నవాడు చదవడు. పోలెండు దేశం 2024 జనవరి 1నుంచి ఇటువంటి పానీయాలను పద్దెనిమిదేళ్ళ లోపు వారికి అమ్మడమే నిషేధించింది.

కెఫీన్ ఒంట్లో ఎంతసేపు ఉంటుందో కూడా తెలుసుకోవాలి. పెద్దవారిలో దాని బలం సగానికి తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. రాత్రి పదింటికి తాగినదానిలో సగం తెల్లవారుజామున మూడింటికి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. 400 మిల్లీగ్రాముల కెఫీన్‌ను పడుకోవడానికి ఆరు గంటల ముందు తీసుకున్నా నిద్ర ఒక గంటకు పైగా తగ్గిందని 2013లో అమెరికాలో ప్రచురించిన పరిశోధన తేల్చింది. ఆటగాళ్ళ కోసమే ప్రత్యేకమని అమ్మే కొన్ని విదేశీ పౌడర్లలో ఒక మోతాదుకే 140 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అటువంటివి మూడు మోతాదులు పడితే ఆ 400 దాటినట్లే.

చక్కెర సంగతి సరేసరి. కొన్ని పానీయాలలో 250 మిల్లీలీటర్లకు 27 గ్రాముల చక్కెర ఉంటుంది. అది అయిదారు చెంచాలు.

నిద్ర లేకుండా ఆడితే ఎంతవరకు పోవచ్చో కొరియా ఒకసారి చూసింది. 2005లో డేగూ నగరంలో 28 ఏళ్ళ యువకుడు సుమారు 50 గంటలు దాదాపు ఆపకుండా ఒక కంప్యూటరు ఆట ఆడి, గుండె ఆగి మరణించాడు. 2011లో ఆ దేశం పదహారేళ్ళ లోపు పిల్లలు అర్ధరాత్రినుంచి ఆరింటి దాకా ఆన్‌లైన్ ఆటలు ఆడకుండా చట్టం చేసింది. పదేళ్ళు నడిచాక 2022 జనవరినుంచి దాన్ని ఎత్తివేసి, నిర్ణయాన్ని పిల్లలకు, తల్లిదండ్రులకు వదిలారు. అంటే చివరకు బాధ్యత ఇంటికే వచ్చింది.

డబ్బాలో ఏమున్నది

ఇప్పుడు ఆ రైతు అడిగిన డబ్బా సంగతి చూద్దాము.

పాలలోని మాంసకృత్తులను నూరు పాళ్ళనుకుంటే సుమారు 80 పాళ్ళు పాలు విరిగినప్పుడు గడ్డకట్టి జున్నులోకి, పన్నీరులోకి పోతాయి. మిగిలిన 20 పాళ్ళు తేట నీటిలో ఉండిపోతాయి. పది లీటర్ల ఆవుపాలతో విదేశాలలో చీజ్ చేస్తే ఒక కిలో చీజ్, తొమ్మిది లీటర్ల తేట నీరు వస్తుంది. ఒకప్పుడు ఐరోపా, అమెరికాలలో ఈ నీటిని పందులకు పోసేవారు, కాలువల్లోకి వదిలేవారు. తరువాత దాన్ని సన్నని పొరలగుండా వడగట్టి, ఎండబెట్టి, పొడి చేయడం నేర్చుకున్నారు. వృథా అయ్యేదాన్ని సరుకు చేశారు. పాడి పరిశ్రమవారిగా దాన్ని మనం మెచ్చుకోవలసిందే.

పొడి విషం కాదు. ఆ మాట స్పష్టంగా చెబుతున్నాము. జబ్బుచేసి లేచినవారికి, బరువైన కసరత్తు చేసేవారికి వైద్యుడో, పోషకాహార నిపుణుడో చెప్పినప్పుడు అది పనికివస్తుంది. అయితే కూర్చుని వేళ్ళతో ఆడే కుర్రవాడికి అది అవసరమా అన్నదే ప్రశ్న.

లెక్క వేద్దాము. భారత వైద్య పరిశోధన మండలి ప్రకారం రోజుకు శరీర బరువు కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల యువకునికి ఇది 50 గ్రాములు. రోజు మొత్తంమీద 300 గ్రాముల బియ్యపు అన్నం తింటే సుమారు 21 గ్రాములు వస్తాయి. 75 గ్రాముల కందిపప్పుతో 16 గ్రాములు. 300 మిల్లీలీటర్ల గేదెపాలతోనో, పెరుగుతోనో సుమారు 12 గ్రాములు. ఒక కోడిగుడ్డుతో 6 గ్రాములు. మొత్తం 55. డబ్బా లేకుండానే సరిపోయింది. గుడ్డు తిననివారు గుప్పెడు వేరుశనగపప్పు తింటే ఆ లోటు తీరుతుంది.

ఒక చెంచా పౌడరులో 24 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయని డబ్బామీద రాస్తారు. గేదెపాలు 600 మిల్లీలీటర్లలో సుమారు అంతే ఉంటాయి. వాటితోపాటు ఎముకకు కావలసిన కాల్షియం, కొవ్వు, విటమినులు కూడా ఉంటాయి. సంఘంలో మీకు వచ్చే ధర మీకు తెలుసు. డబ్బా ధర మీ అబ్బాయికి తెలుసు. ఇద్దరూ కూర్చుని ఒక్కసారి లెక్క చూసుకోండి.

నాణ్యత మాట కూడా ఉన్నది. మీరు తెచ్చిన ప్రతి క్యానుకు వెన్న శాతం చూస్తారు, ఎస్.ఎన్.ఎఫ్. చూస్తారు. ఒక పాయింటు తగ్గితే మీరు కార్యదర్శితో పోట్లాడతారు. మరి డబ్బాను ఇంట్లో ఎవరు పరీక్ష చేస్తారు? మన దేశంలో అమ్మే 36 రకాల ప్రోటీన్ పౌడర్లను పరీక్షించి 2024లో ఒక వైద్య పత్రికలో ఫలితాలు ప్రచురించారు. నూటికి 70 డబ్బాలలో చీటీమీది లెక్కకు, లోపలి సరుకుకు పొంతన లేదు. కొన్నింటిలో చెప్పినదానిలో సగమే ఉన్నది.

ఈ మోసం ఎలా చేస్తారో పాలవారికి సులభంగా అర్థమవుతుంది. నీళ్ళు కలిపిన పాలలో ఎస్.ఎన్.ఎఫ్. పడిపోకుండా దుర్మార్గులు యూరియా కలుపుతారు. మాంసకృత్తులను కూడా మామూలుగా నత్రజనిని కొలిచి లెక్కకడతారు. కనుక నత్రజని ఉన్న చౌక పదార్థం కలిపితే అంకె పెరుగుతుంది, సరుకు పెరగదు. చైనాలో 2008లో పాలలో, పాలపొడిలో మెలమిన్ అనే రసాయనం కలిపినది ఇందుకే. దానివలన సుమారు మూడు లక్షలమంది పసిపిల్లలు జబ్బుపడ్డారు. ఆరుగురు చనిపోయారు. అంకెను చూసి మోసపోకూడదని పాడి లోకం నేర్చుకున్న పాఠమది.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో కండ పెంచుకోవడానికి ప్రోటీన్ పౌడర్లు వాడవద్దని సలహా ఇచ్చింది. వాటిలో చక్కెర, కృత్రిమ రుచులు కలిసే అవకాశం ఉన్నదని చెప్పింది. అదే పుస్తకంలో సమతుల ఆహారపు పళ్ళెంలో రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు లేక పెరుగు చూపింది. ఈ సంస్థ 1958నుంచి మన హైదరాబాదులోనే ఉన్నది. ఎక్కడినుంచో వచ్చిన డబ్బాను నమ్మేముందు మన ఊరి శాస్త్రజ్ఞుల మాట వినవచ్చు గదా.

మాత్రల దారి

ఇంకొక్క హెచ్చరిక. 2015లో కెనడాకు చెందిన ఒక ప్రసిద్ధ ఆటగాడు, ఒక పెద్ద పోటీలో తమ జట్టంతా ఏకాగ్రత లోపానికి వైద్యులు ఇచ్చే మాత్రలు వేసుకుని ఆడిందని బహిరంగంగా చెప్పాడు. దానితో గగ్గోలు పుట్టింది. ఆ పోటీలు నిర్వహించే జర్మనీ సంస్థ అదే ఏడాది ఆగస్టులో కొలోన్ నగరంలో జరిపిన పోటీనుంచి ఆటగాళ్ళకు మాదకద్రవ్యాల పరీక్షలు మొదలుపెట్టింది.

ఆ మాత్రలు జబ్బున్నవారికి మందు. లేనివారికి గుండెదడ, నిద్రలేమి, చివరకు అలవాటు. సీసాతో మొదలైనది డబ్బాకు, డబ్బానుంచి మాత్రకు పోవడం ప్రతి ఒక్కరికీ జరుగుతుందని మేము భయపెట్టడం లేదు. అయితే "ఏదో ఒకటి మింగితే గాని ఆడలేను" అనే ఆలోచన పాతుకుపోకముందే దాన్ని తీసెయ్యాలి. మీ అబ్బాయి మందు పేరు చెప్పి డబ్బులడిగితే, ఆ పేరు కాగితంమీద రాయించి ప్రభుత్వ ఆసుపత్రి వైద్యునికి చూపించండి.

పాలు చేసేది, చేయనిది

మేము పాల సమాఖ్యవారము గనుక పాలు తాగితే ఛాంపియన్ అవుతాడని చెబుతామని మీరు అనుకోవచ్చు. చెప్పము. పాలు తాగినందువల్ల వేలి వేగం పెరగదు. పడుకునేముందు వేడిపాలు తాగితే నిద్ర ముంచుకొస్తుందన్నదానికి కూడా గట్టి రుజువు లేదు. అయితే ఆ వేళకు సీసా బదులు పాలు తాగినవాడి ఒంట్లోకి కెఫీన్ పోదు. అదొక్కటే చాలు.

కొందరికి పాలు పడవు, కడుపు ఉబ్బుతుంది. పాలలోని చక్కెర వారికి అరగదు. అటువంటివారిలో చాలామందికి పెరుగు, మజ్జిగ సులువుగా పడతాయి. ఎండాకాలం రాత్రి ఫోను ముందు కూర్చున్నవాడికి చెంబెడు పలుచని మజ్జిగ, చిటికెడు ఉప్పు ఇవ్వండి. దాహం తీరుతుంది, ఒంట్లో నీరు నిలుస్తుంది.

పశువుకు దాణా ఒక్కటే ఎక్కువ పెట్టి గడ్డి తగ్గిస్తే ఏమవుతుంది? పొట్ట చెడుతుంది, పాలు పడిపోతాయి. పిల్లవాడికి కూడా పాలొక్కటే చాలదు. అన్నం, పప్పు, ఆకుకూర, ఒక పండు, వేళకు నిద్ర అన్నీ కలిస్తేనే తిండి అవుతుంది.

మా తప్పు, మీ తప్పు

ఇక అసలు మాట. ఊరిలో పాడి ఉన్న ఇళ్ళలో పిల్లలకు పాలు లేకపోవడం చిన్న విషయం కాదు. అప్పులున్నాయి, దాణా ఖర్చున్నది, ఫీజులున్నాయి. పదిహేను రోజులకొకసారి వచ్చే పాలబిల్లు కోసం చివరి చుక్క దాకా క్యానులో పోస్తాము. ఆ బిల్లులోనుంచే పిల్లవాడు సీసాకు, డబ్బాకు డబ్బు అడుగుతాడు. ఇంట్లో ఉన్నదాన్ని అమ్మి, దానిలోనుంచి తీసిన ఒక్క భాగాన్ని ఎన్నోరెట్ల ధరకు కొనుక్కుంటున్నాము. ఇదెక్కడి లెక్క?

దీనిలో మా తప్పు కూడా ఉన్నది. మేము ఎప్పుడు మీ ఊరికి వచ్చినా "ఇంకా పోయండి, ఇంకా పోయండి" అంటాము. పాలు పెంచిన సంఘానికి బహుమతి ఇస్తాము. సభ్యుల పిల్లలు ఎన్ని పాలు తాగుతున్నారని ఏ సంఘాన్నీ ఏనాడూ అడగలేదు. ఆ ఉదయం ఆ రైతు మౌనంగా నిలబడినప్పుడు మాకు సిగ్గు వేసింది. ఇకనుంచి అడుగుతాము.

ఇక ఏమి చేద్దాము

ఒకటి. పాలు పితకగానే, క్యానులో పోయకముందే, ఇంట్లో ఒక్కొక్క పిల్లవాడికి ఒక గ్లాసు పాలు పక్కన పెట్టండి. మిగిలితే ఉంచుదామనుకుంటే మిగలవు. ఆడపిల్లకు, మగపిల్లవాడికి సమానంగా ఉంచండి. పచ్చిపాలు ఇవ్వవద్దు, కాచి ఇవ్వండి.

రెండు. ఉదయం పాలు పితికే పని ఉన్న పిల్లవాడు రాత్రి పది దాటి ఆడకూడదని ఇంట్లో ఒప్పందం చేసుకోండి. అరిచి కాదు, కూర్చోబెట్టి. పోటీ ఉన్న రోజున తెల్లవారి పాలపని ఇంకొకరు చూసుకోండి. మీరు ఒక మెట్టు దిగితే వాడు రెండు మెట్లు దిగుతాడు.

మూడు. మధ్యాహ్నం దాటాక కెఫీన్ పానీయం వద్దు. చిన్నపిల్లలకు ఏ వేళలోను వద్దు. గుండెదడ, చేతుల వణుకు, వరుసగా నిద్రపట్టకపోవడం కనిపిస్తే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి.

నాలుగు. భోజనం ఫోను ముందు కాకుండా అందరితో కలిసి తినేటట్లు చూడండి. గంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయమనండి. సాయంత్రం గడ్డిమోపు తెచ్చే పని వాడికే అప్పగించండి. అంతకుమించిన వ్యాయామం లేదు.

అయిదు. సర్వసభ్య సమావేశంలో ఈ విషయం పెట్టండి. బడి పక్కన, పాలకేంద్రం పక్కన ఉన్న కొట్లలో పిల్లలకు ఈ సీసాలు అమ్మవద్దని తీర్మానం చేసి కొట్టువారికి మర్యాదగా చెప్పండి. కుదిరిన సంఘాలు వేసవిలో కేంద్రం దగ్గర మజ్జిగ ఏర్పాటు చేయవచ్చు.

ముగింపు

ఆ కుర్రవాడి సంగతి చెప్పి ముగిస్తాము. ఆ రోజు డబ్బా చీటీలోని అంకెలను వాడిచేతనే చదివించి, క్యానులోని పాలతో లెక్క వేయించాము. వాడు తెలివైనవాడు, మాకంటె త్వరగా లెక్క తేల్చాడు. "మరి మా టీములో అందరూ వాడుతున్నారు సార్" అన్నాడు. "వాళ్ళు ఎన్ని గంటలు నిద్రపోతున్నారో ఒకసారి అడుగు" అన్నాము. రెండు నెలల తరువాత మళ్ళీ ఆ కేంద్రానికి వెళ్ళాము. పోటీలో వాళ్ళ జట్టు రెండో రౌండులోనే ఓడిపోయిందట. వాడు ఆట మానలేదు. డబ్బా మాత్రం కొనలేదు.

వాళ్ళ నాన్న ఆ పూట క్యాను కొలతకు ఇస్తూ, "సార్, మా పాలు ముప్పావు లీటరు తగ్గాయి. మేము తాగుతున్నాము" అన్నాడు. కార్యదర్శిగారు పుస్తకంలో ఆ తగ్గిన అంకెనే రాసుకున్నారు. సంఘం పెట్టిననాటినుంచి పాలు తగ్గాయంటే మేము సంతోషించిన రోజు అదొక్కటే.

మీ మీ ఊళ్ళలో కూడా ఆ విధంగా కాసిన్ని పాలు తగ్గాలని కోరుతున్నాము.